మన వాకిట్లోనే నాలుగు అంచులు

"మా ఊళ్లో ఫొటో తీయడానికి ఏముంది సార్? బండలు, తుమ్మచెట్లు, ఎండిన చెరువు. అంతే కదా!"

నల్లగొండ వైపు వెళ్లినా, పాలమూరు వైపు వెళ్లినా, కెమెరా పట్టిన పిల్లల నోట నేను తరచూ వినే మాట ఇది. మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనుకునే ఉంటారు. అందుకే నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని తెలియగానే బండి తీస్తారు. 26 గేట్లు, తెల్లటి నురగ, ముందు నిలబడ్డ మీ దోస్తు. ఇంటికొచ్చి చూసుకుంటే ఏమైంది? ఆ రోజు అక్కడికి వెళ్లిన ప్రతివాళ్ల ఫోన్‌లోనూ అదే ఫొటో. పెట్రోలు ఖర్చు మీది, ఫొటో మాత్రం అందరిదీ.

ఈ అధ్యాయంలో మిమ్మల్ని ఎక్కడికీ పంపను. మీ ఇంటి కడప దగ్గర్నుంచి వంద అడుగుల లోపలే అమూర్త ఫొటోలు ఎలా దొరుకుతాయో చెబుతాను. పెద్ద కెమెరా అక్కర్లేదు. జేబులో ఉన్న ఫోన్ చాలు.

అమూర్తం అనే మాట విని బెదరకండి. చూసేవాళ్లు "ఇది ఫలానా వస్తువు" అని గుర్తుపట్టే లోపే ఒక గీత, ఒక రంగు, ఒక నీడ, ఒక గరుకుదనం వాళ్ల కంటికి తగలాలి. అంతే. ఇది మనకేమన్నా కొత్తా? సానుపు చల్లిన వాకిట్లో చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పిన ముగ్గు దేని బొమ్మ? గోడ అడుగున జాజు పట్టీ, దాని మీద సున్నపు గీతలు దేని బొమ్మ? దేనిదీ కాదు. అయినా నిలబడి చూస్తాం, బాగుందంటాం.

పోచంపల్లి మగ్గం సంగతే చూడండి. నూలును నేయకముందే, రంగు తగలకూడని చోట రబ్బరు పట్టీలతో గట్టిగా చిటికి కట్టి అద్దకం వేస్తారు. నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. అందుకే ఆ చీరల్లో ప్రతి ఆకారం అంచూ కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. ఆ చెదురే ఆ బట్టకు అందం. ఇన్నాళ్లుగా మన చేతులు చేస్తున్న పనినే ఇప్పుడు మన కంటికి నేర్పాలి.

ఒక పల్లెలో జరిగింది చెబుతాను. నీలం సున్నం పెచ్చులు లేచి, లోపలి ఎర్రమట్టి బయటపడ్డ గోడ ఒకటి కనిపించింది. నేను వంగి ఫొటో తీస్తుంటే ఇంటి అవ్వ బయటికొచ్చింది.

"ఏంది బిడ్డా, గోడను ఫొటో తీస్తున్నవ్? రోడ్డు ఎడల్పు చేస్తరా ఏంది? మా ఇల్లు గూలగొడ్తరా?"

"లేదవ్వా, రంగు మంచిగుందని తీస్తున్న."

"గీ పెచ్చులూడిన గోడనా!"

ఫోన్ ఆమె చేతికిచ్చాను. కళ్లు చికిలించి, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. "ఇది మా గోడేనా?" అంది.

ఆ ప్రశ్నే మనకు కావలసింది. నలభై ఏళ్లుగా చూస్తున్న గోడ ఆమెకు కొత్తగా ఎలా అయింది? నేను చేసిందల్లా కిటికీని, ఆరేసిన చీరను, కేబుల్ వైరును ఫొటో బయట పెట్టడమే. నాలుగు వైపులా నాలుగు అంచులు వేశాను. గద్వాల చీర గొప్పతనం ఎక్కడుంది? నూలు ఒంటికి పట్టు అంచు కలిపిన నేర్పులో ఉంది. అంచు మారిస్తే అదే ఒళ్లు వేరే చీర అవుతుంది. ఫొటో కూడా అంతే. వస్తువును మీరు మార్చలేరు కానీ అంచు ఎక్కడ వేయాలన్నది పూర్తిగా మీ చేతిలో ఉంది.

ఇక పనిలోకి దిగుదాం.

1. వంద అడుగుల హద్దు గీసుకోండి

వారం రోజుల పాటు కడప నుంచి వంద అడుగులు దాటవద్దు. ఆ లోపల ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. రేకుల కప్పు, నీళ్ల ట్యాంకు కింద నాచు చార, కిరాణా కొట్టు షట్టరు, ట్రాక్టరు ట్రాలీ వెనక తలుపు, కరెంటు స్తంభం మీద అంటించి చింపేసిన పోస్టర్లు, బర్రెల కొట్టం తడిక. పదిహేను రాయగలిగితే మీకు పదిహేను ఫొటోలు దొరికినట్టే. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆరన్ సిస్కిండ్ 1940ల నుంచి పెచ్చులూడిన గోడలనూ, చిరిగిన పోస్టర్లనూ తీసే పేరు తెచ్చుకున్నాడు. ఆయన గోడల్లో ఉన్నవీ ఈ పెచ్చులూ చిరుగులే. మన బస్టాండు గోడకు వాటిలో ఏది తక్కువ?

2. పేరు పక్కన పెట్టి చూడండి

"తలుపు" అనగానే కంటి పని అయిపోతుంది. తలుపే కదా, ఇక చూసేదేముంది? అందుకని పేరు పలకకుండా వర్ణించడం అలవాటు చేసుకోండి. "పచ్చరంగు మీద నిలువుగా నాలుగు పగుళ్లు, కింద గుండ్రటి తుప్పు మరక, పక్కన పసుపు పూసిన పట్టీ, దాని మీద మూడు ఎర్ర బొట్లు." ఇప్పుడు చెప్పండి, ఇందులో ఫొటో లేదా?

1940లో మధిరలో పుట్టిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ తన తొలినాళ్ల బొమ్మలకు తుక్కుగా పడేసిన మోటారు బళ్లను ఎంచుకున్నాడు. మెకానిక్‌కు అది పనికిరాని ఇనుము, ఆయనకు తుప్పు రంగూ వంపులూ. మీ ఊరి మెకానిక్ షెడ్డు ముందు పడి ఉన్న పాత రేడియేటరు దగ్గర ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి. మొదటి రెండు నిమిషాలు అది రేడియేటరే. మూడో నిమిషం నుంచి గీతలు కనిపిస్తాయి.

3. పెళ్లిపత్రికతో అంచు వేయడం నేర్చుకోండి

ఇంట్లో పాత శుభలేఖ ఉంటుంది కదా? దాని మధ్యలో అగ్గిపెట్టె అంత కిటికీ కత్తిరించండి. ఒక కన్ను మూసి, ఆ కిటికీలోంచి గోడను చూడండి. అట్టను కంటికి దగ్గరగా తెస్తే ఎక్కువ కనిపిస్తుంది, దూరం జరిపితే తక్కువ. మెల్లగా దూరం జరుపుతూ పోండి. ఒకచోట గోడ మాయమై రంగులు మాత్రం మిగులుతాయి. అక్కడ ఆగండి. అప్పుడే ఫోన్ తీయండి.

బటన్ నొక్కే ముందు నాలుగు మూలలూ ఒకసారి చూసుకోండి. మూలలో ఆకాశం ముక్క దూరిందా? అక్షరం ఒకటి తొంగి చూస్తోందా? మీ చెప్పు కొస పడిందా? ఈ మూడింటిలో ఏది ఉన్నా చూసేవాళ్ల కన్ను ముందు అక్కడికే పరుగెడుతుంది. అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండగలమా?

4. నీడ వెంట పడండి

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల కాలపు గుడి. గర్భగుడిలో పగలంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలుస్తుందని దానికి పేరు. వెలుగు ఏ సందులోంచి లోపలికి రావాలో లెక్కగట్టి రాతి స్తంభాలు నిలిపిన పనితనం అది. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. ఫొటో కోసం కాదు, నీడను కూడా కట్టవచ్చని తెలియడం కోసం.

మీ ఇంటి నీడ మాత్రం ఆగదు. అది మీకు మేలే. వాకిట్లో నిలబెట్టిన నులక మంచం నీడ పొద్దున 8 గంటలకు సాగి గోడెక్కుతుంది, పదింటికి కుదించుకుపోతుంది, మిట్టమధ్యాహ్నానికి మంచం కిందికి చేరుతుంది. ఒకే మంచానికి మూడు ఫొటోలు. ఫోన్‌లో ఎండ పడ్డ చోట వేలు పెట్టి తాకండి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి జరపండి. నీడ కాటుకలా చిక్కబడి, మంచం సంగతి మరుగున పడి, అల్లిక మాత్రం మిగులుతుంది. 1916లో పాల్ స్ట్రాండ్ అనే అమెరికన్ ఒక ఇంటి వరండాలో ఒరిగిన బల్ల మీద పడ్డ కటకటాల నీడను తీశాడు. అమూర్త ఫొటోల తొలి రోజుల గురించి మాట్లాడేటప్పుడు ఇప్పటికీ ఆ ఫొటో పేరు చెబుతారు. అందులో ఉన్నది ఒక బల్ల, కాస్త ఎండ.

5. బండను ఏటవాలు ఎండలో చూడండి

"బండలే కదా" అన్నారు మీరు. ఆ బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా లేస్తూ, నీళ్లు జారిన చోట నల్లచారలు దిగుతూ, బూడిదరంగులో గులాబీ జీరలు కలుస్తూ ఉంటాయి. భువనగిరి కోట చూసినవాళ్లంతా కింద నిలబడి కొండ మొత్తాన్ని తీస్తారు. అయిదొందల అడుగులకు పైగా లేచిన ఏకశిల అరచేతిలో ఫొటోకి వచ్చేసరికి బోర్లించిన కుండంత అవుతుంది. మెట్ల పక్కన చెయ్యి అందే చోట ఉన్న నీటిచారను తీసి చూడండి.

మీ ఊరి బండకైనా ఇదే లెక్క. పొద్దున, సాయంత్రం ఎండ పక్కనుంచి వచ్చి రాతిని నిమిరినట్టు పోతుంది. ప్రతి గుంటకూ నీడ, ప్రతి మిట్టకూ మెరుపు. మధ్యాహ్నం అదే బండ చదునైన సిమెంటు గోడలా ఉంటుంది. రాళ్లు కొట్టేవాళ్లు బండ చీల్చడానికి వరసగా వేసిన బెజ్జాలు ఎక్కడైనా కనిపిస్తే వదలకండి. ఉలి వేసిన ముగ్గు అది.

ఒక కిటుకు గుర్తుపెట్టుకోండి. నల్లరాయి నిండా ఉంటే ఫోన్ దాన్ని బూడిదరంగుకు తెస్తుంది, కాబట్టి వెలుగు తగ్గించండి. సున్నం గోడ నిండా ఉంటే తెలుపును మాపేస్తుంది, కాబట్టి వెలుగు పెంచండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

6. రంగులు మూడు దాటనివ్వకండి

పుట్టపాక తేలియా రుమాలు చూశారా? నూనె పట్టించిన నూలు, ఎక్కువగా ఎరుపు, నలుపు, తెలుపు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బట్ట ఆ మూడు రంగులతోనే ఎన్నెన్ని ఆకారాలు చూపిస్తుంది! మీ ఫొటోలో రంగులు లెక్కపెట్టండి. నాలుగోది కనిపిస్తే ఒక అడుగు ముందుకేసి దాన్ని అంచు బయటికి నెట్టండి. బతుకమ్మ పేర్చినప్పుడు పూలన్నీ ఒకే ఫొటోలో పట్టాలని ఆశపడతాం. ఈసారి తంగేడు పసుపు, గునుగు తెలుపు కలిసే ఒక్క వరసను మాత్రం తీయండి.

7. పంట ఆరబోసినప్పుడు పైనుంచి చూడండి

కోతల కాలంలో మిర్యాలగూడ చుట్టుపక్కల రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. పాలమూరు వైపు వేరుశనగ కాయ. ఆరబోసిన గింజను కాళ్లతో తిరగేస్తూ నడుస్తుంటే పొడవునా సాళ్లు పడతాయి. నేల మీద నిలబడి తీస్తే అది వడ్ల ఫొటో. పక్కింటి మిద్దె ఎక్కి నేరుగా కిందికి చూస్తూ తీస్తే అల. గింజ ఆరబోసినవాళ్లను ముందు అడగండి. వాళ్ల ఆరు నెలల కష్టం అది, మీకు డిజైన్ కావచ్చు.

చెరువు ఎండితే ఏడవకండి. ఒండ్రు పగుళ్లు మండు వేసవిలోనే దొరుకుతాయి. చెరువు నిండితే నీటిలో తాటిచెట్టు నీడను తీసి, ఫొటోను తలకిందులు చేసి చూడండి.

8. పట్టనిదాన్ని పట్టాలని చూడకండి

మహబూబ్‌నగర్ పక్కన ఉన్న పిల్లలమర్రి వయసు సుమారు 700 ఏళ్లంటారు. మూడెకరాల దాకా పరుచుకున్న చెట్టు ఏ ఫొటోలో పడుతుంది? 2018లో చెదలు పట్టిన కొమ్మలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించుకున్నారు. అలాంటి చెట్టు మీదికెక్కడం, ఊడలు పట్టుకు వేలాడటం మనకు తగదు. కంచె బయట నిలబడి, రెండు ఊడల మధ్య సందును తీయండి. చెట్టు కంటే ఆ సందు ఆకారమే ఫొటోకి బాగా కుదురుతుంది. ఈ సూత్రం మీ ఇంటి వేపచెట్టుకూ వర్తిస్తుంది.

9. వానొస్తే వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లండి

బయటికి పోలేని రోజు బత్తాయి ఒలవండి. నల్లగొండలో బత్తాయికి కరువా? తొక్కను స్టీలు గిన్నెలో వేసి కిటికీ పక్కన పెట్టండి. గిన్నె గోడలు వెలుగును నాలుగు వైపులా తిప్పి తొక్క మీదికే కొడతాయి. 1930లో ఎడ్వర్డ్ వెస్టన్ ఒక బుట్టమిరపకాయను రేకు గరాటులో పెట్టి తీసిన ఫొటో లోకమంతా చూసింది. కాయ ఒంపులు మనిషి ఒంటిలా కనిపిస్తాయి అందులో. గరాటు మన వంటింట్లోనూ ఉంది.

అందరూ చేసే పొరపాట్లు

*వేళ్లతో సాగదీసి జూమ్ చేయడం.* తెర మీద వేళ్లు సాగదీస్తే చాలాసార్లు ఫొటో పలచబడుతుంది. కాళ్లున్నాయి కదా, ఒకడుగు వేయండి. మరీ దగ్గరికెళ్లి మసకబారితే జానెడు వెనక్కి రండి, తర్వాత కత్తిరించుకోవచ్చు.

*లెన్స్ తుడవకపోవడం.* జేబులోంచి తీసిన ఫోన్ మీద వేలిముద్ర జిడ్డు ఉంటుంది. గోడ గరుకుదనమంతా ఆ జిడ్డు మింగేస్తుంది. మెత్తటి నూలుబట్టతో ఒకసారి తుడిస్తే చాలు.

*వంకరగా పట్టుకోవడం.* గోడను సూటిగా తీయాలంటే ఫోన్ గోడకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే షట్టరు గీతలన్నీ ఒక పక్కకు ఇరుకవుతాయి. కావాలని వంచితే వేరు సంగతి.

*గరుకుదనం ఉంటే చాలనుకోవడం.* కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో ఈ పొరపాటే ఎక్కువ. గోడ నిండా పెచ్చులు ఉన్నాయని తీస్తారు. ఫొటో చూస్తే పరుపు గుడ్డలా ఉంటుంది. ఎందుకు? అందులో పేచీ లేదు. పెచ్చుల మధ్య ఒక మేకు ఉందా? మెత్తటి నీడను కోస్తూ ఒక పగులు ఉందా? నున్నటిదాని పక్కన గరుకు, నిలువు పక్కన అడ్డం, వెచ్చటి రంగు పక్కన చల్లటి రంగు ఉండాలి. "ఇందులో ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారు?" అని అడగండి. జవాబు లేకపోతే ఆ ఫొటో చెరిపేయండి.

*రంగులు పులమడం.* ఫిల్టర్ వేసి నీలాన్ని ఇంకా నీలం చేస్తే గోడ వయసు పోతుంది. ఆ వెలిసిన రంగు కోసమే కదా మీరు ఆగింది?

*చెప్పకుండా తీయడం.* మీకు అది గీతలూ రంగులూ కావచ్చు, ఇంటివాళ్లకు అది ఇల్లు. ఒక మాట అడిగి తీయండి. తీశాక చూపించండి. చెప్పకుండా తీస్తే అనుమానం, అడిగి తీస్తే చాయ్.

మీ మొదటి వారం

1. సోమవారం: ఫోన్ తీయొద్దు. వంద అడుగుల లోపల ఉన్నవి రాయండి.
2. మంగళవారం: వాటిలో ఒక్కటి ఎంచుకోండి. పొద్దున ఎనిమిదింటికి పది ఫొటోలు.
3. బుధవారం: అదే చోటు, సాయంత్రం అయిదింటికి పది ఫొటోలు.
4. గురువారం: అదే చోటు. మంగళవారం కంటే సగం దూరంలో నిలబడి పది.
5. శుక్రవారం: అదే చోటును నలుపు తెలుపులో పది తీయండి. రంగు పోయాక ఏం మిగిలింది?
6. శనివారం: నలభై ఫొటోల్లో ముప్ఫై ఏడు తీసేయండి. మిగిలిన మూడింటినీ నాలుగు పక్కలకూ తిప్పి చూడండి. తలకిందులుగానూ బాగుందనిపిస్తే అంచు సరిగ్గా పడ్డట్టు.
7. ఆదివారం: ఒక్కటి ఉంచండి.

"రోజూ అదే గోడా?" అంటారేమో. అవును, అదే గోడ. మంగళవారం మీరు తీసేది అందరికీ కనిపించే గోడ. గురువారానికి విసుగొస్తుంది. విసుగొచ్చినప్పుడు ఆపేయకండి. చూసిందంతా చూసేశామని కన్ను అనుకున్నాక అప్పటిదాకా వదిలేసినవి ఒక్కొక్కటే బయటికొస్తాయి. గోడ మూల సాలెగూడుకు అంటిన సున్నపు రేణువు నాకు అయిదో రోజున కనిపించింది.

ఆదివారం మిగిలిన ఆ ఒక్క ఫొటో మీ అమ్మకు చూపించండి. "ఎక్కడిదిరా ఇది?" అని అడుగుతుంది. చెప్పకండి. "మనింట్లోదే, వెతుకు" అనండి. ఆమె లేచి వాకిట్లోకి వెళ్లి గోడలూ తలుపులూ చూడటం మొదలుపెడితే, మాట్లాడకుండా వెనకే నడవండి. ఆమె కన్ను ఎక్కడెక్కడ ఆగుతుందో గమనించండి. మీరు ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా ఆగని చోట ఆమె ఆగుతుంది. రెండో వారం అక్కణ్నుంచి మొదలుపెట్టండి.